బోర్డు మార్చే ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడు

నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కేఆర్ పురంలో అద్దె ఇల్లు, ఐదేళ్ల కిందట కట్టించుకున్న సిస్టమ్. పాత రైజెన్ 5 2600 ప్రాసెసర్ తీసేసి రైజెన్ 7 5700ఎక్స్ వేశావు. ఉన్న రెండు 8 జీబీ ర్యాములకు తోడు ఇంకో రెండు కొని నాలుగు స్లాట్లూ నింపావు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, కొత్త ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే చిన్న డిస్కు) వచ్చాయి. బీ450 మదర్‌బోర్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు అందించే పెట్టె), 1 టీబీ హార్డ్ డిస్కు, క్యాబినెట్ మాత్రం పాతవే. ఆ రోజు నుంచీ రోజుకు ఒకటి రెండుసార్లు హ్యాంగ్. ఒకసారి గేమ్ మధ్యలో సౌండు గర్ర్‌మని ఆగిపోతుంది. ఇంకోసారి బ్రౌజర్ తెరిచిపెట్టి టీకి వెళ్లొచ్చేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. బ్లూ స్క్రీన్ రాదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప కదలదు. షాపతను రెండుసార్లు ఫార్మాట్ కొట్టి, మూడోసారి "బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. మార్చమంటారా అన్నా, అని అడిగావు.

అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. మార్చొద్దు. బోర్డు పోయిందని తేల్చడానికి ఇంతవరకు ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు. ఫార్మాట్ కొట్టడం పరీక్ష కాదు, మొక్కు మొక్కుకోవడం లాంటిది. ఒక్కోసారి ఫలిస్తుంది, ఎందుకు ఫలించిందో కొట్టినవాడికీ తెలీదు.

నాది నెల్లూరు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక సర్వీసు షాపు బల్ల ముందు ఆరేళ్లు, తర్వాత బెంగళూరులో పద్నాలుగేళ్లు, ఇదే పని. బోర్డు పోయిందంటూ నా దగ్గరికి వచ్చినవాటిలో నిజంగా బోర్డు పోయినవి తక్కువ. అన్ని వస్తువులూ బోర్డు మీదే కలుస్తాయి కాబట్టి వాటిలో ఏది తేడా చేసినా నింద దాని మీద పడుతుంది. అప్‌గ్రేడ్ చేసిన సిస్టమ్‌లో ఇంకో తమాషా ఉంది. మనవాళ్లు కొత్త వస్తువులనే అనుమానిస్తారు. కొత్త కోడలు అడుగుపెట్టిన రోజు పాలు విరిగితే ఎవరి మీద పడతారో తెలుసుగా, అలాగన్నమాట. నా అనుభవంలో కొత్తది బాగానే ఉంటుంది, పాతదీ బాగానే ఉంటుంది. రెంటికీ పొత్తు కుదరకపోవడమే గొడవ. నీ కేసు చదువుతుంటే నాకు అదే వాసన వస్తోంది.

ముందుగా, ఈసారి ఆగినప్పుడు చెయ్యి పవర్ బటన్ మీదికి పోనివ్వకు. ఒక్క నిమిషం ఓపిక పట్టు. హ్యాంగ్ అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉన్నాయి. అది ఏ రకమో ఆ నిమిషంలోనే తెలుస్తుంది, రీస్టార్ట్ చేశాక ఎవరూ చెప్పలేరు.

కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కు. లైటు వెలిగి ఆరుతోందా? ఆ లైటును కీబోర్డు తనంతట తాను వెలిగించదు. నువ్వు నొక్కిన సంగతి విండోస్‌కు చేరి, విండోస్ తిరిగి "వెలిగించు" అని చెప్తేనే వెలుగుతుంది. కాబట్టి లైటు మారుతోందంటే లోపల ప్రాణం ఉంది, బొమ్మ దగ్గరో డిస్కు దగ్గరో అడ్డుపడింది. లైటు చలించలేదంటే మిషన్ మొత్తం కొయ్యబారిపోయినట్టే.

తర్వాత మౌస్ చూడు. బాణం కదులుతూ ఉండి, క్లిక్ చేస్తే మాత్రం ఏదీ తెరుచుకోకపోతే ప్రోగ్రాములు డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తున్నాయని అర్థం. రెండు నిమిషాలు ఆగితే దానంతటదే తేరుకుంటే నూటికి తొంభై పాళ్లు డిస్కో దాని వైరో.

సౌండు మంచి సాక్షి. పాట మామూలుగా పాడుతూనే ఉండి బొమ్మ మాత్రం ఆగిపోతే గ్రాఫిక్స్ వైపు చూడాలి. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అక్కడికక్కడే తిరిగి లేపే ఆజ్ఞ అది. స్క్రీన్ ఒకసారి కొట్టుకుని బొమ్మ వచ్చేసిందంటే దొంగ దొరికాడు. అలా కాక పాటలోని చివరి ముక్క గర్ర్‌మంటూ తిరుగుతూ ఉండిపోతే, సౌండు కార్డుకు కొత్త సరుకు అందించాల్సిన ప్రాసెసరే ఆగిపోయింది, ఉన్న ముక్కనే అది తిప్పి తిప్పి వాయిస్తోంది. అక్కడ అనుమానాలు ర్యామ్, ప్రాసెసర్ సెట్టింగులు, కరెంటు. ఇక స్క్రీన్ నల్లబడి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే కార్డునూ దానికి వెళ్లే పవర్ వైరునూ చూడాలి.

నీ వర్ణన మళ్లీ చదువు. గేమ్ మధ్యలో గర్ర్‌మని ఆగడం ఒక రకం. ఎవరూ ముట్టుకోనప్పుడు, టీకి వెళ్లినప్పుడు ఆగడం ఇంకో రకం కావచ్చు. బరువు మోస్తూ పడిపోయేవాడికీ నిద్రలో పడిపోయేవాడికీ ఒకటే జబ్బు ఉండాలని లేదు. ఒకే సిస్టమ్‌లో రెండు తప్పులు కలిసి ఉంటే షాపతనికి తల తిరగడం సహజమే. ఒకటి సరిచేస్తాడు, రెండోది వస్తుంది, "ఇదీ తగ్గలేదు" అని చేసినదాన్ని కూడా వెనక్కి తీస్తాడు. అందుకే ఒక కాగితం మానిటర్‌కు అంటించు. ఆగిన టైము, అప్పుడు ఏం నడుస్తోంది, క్యాప్స్ లాక్, మౌస్, సౌండు. ఐదు గళ్లు చాలు.

ఈవెంట్ వ్యూయర్, అంటే జరిగినవి విండోస్ రాసుకునే చిట్టా, దాని గురించి కూడా అడిగావు. అందులో కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తులు బోలెడు ఉన్నాయి, "పవర్" అని ఉంది కాబట్టి ఎస్ఎంపీఎస్ పోయిందేమో అన్నావు. చాలామంది ఇక్కడే జారిపడతారు. 41 అంటే "పోయినసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యలేదు" అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే ఫిర్యాదు. నువ్వు బటన్ నొక్కి పట్టుకున్నావు కాబట్టే అది వచ్చింది. దాన్ని వదిలేసి, దానికి ముందున్న ఐదు నిమిషాల్లో ఏముందో చూడు. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది) 18 కనిపిస్తే ప్రాసెసర్ తనలో తట్టుకోలేని తప్పు దొరికిందని చెప్పినట్టు. ఇది మళ్లీ ఆన్ చేశాక నమోదవుతుంది, కాబట్టి 41 పక్కనా వెతుకు. అదే పేరుతో 17 ఉంటే కార్డు లేదా ఎన్‌వీఎంఈ కూర్చున్న దారిలో చిన్న చిన్న తప్పులు దొర్లి సర్దుకుంటున్నాయని. 129 అని, "రీసెట్ టు డివైస్" అని ఉంటే డిస్కు జవాబివ్వక విండోస్ దాన్ని తట్టి లేపిందని. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్లకు మించి పలకలేదని. ఏమీ లేకుండా ఖాళీగా ఉందా? అదీ కబురే. లాగ్ రాసుకునే వ్యవధి కూడా లేకుండా ఆగిందన్నమాట. అలాంటప్పుడు నేను మొదట ర్యామ్ మీదే చెయ్యి వేస్తాను.

ర్యామ్ సంగతికి వద్దాం. నాలుగు స్లాట్లూ నింపాను, పాత జత మీద వేగం 3000 అని, కొత్త జత మీద 3200 అని ఉంది, కంపెనీలు కూడా వేరు, షాపతను ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి ఇచ్చాడు అని రాశావు. నా కన్ను అక్కడే ఆగిపోయింది.

ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ బోర్డులో ఉండదు, ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అంటే నువ్వు ప్రాసెసర్ మార్చినప్పుడే ర్యామ్‌ను నడిపేవాణ్నీ మార్చేశావు. పాత బండివాడు రెండు స్టిక్కులను (ర్యామ్ పలకలను) లాగేవాడు, కొత్త బండివాడికి నాలుగు అప్పజెప్పావు. ఒక్కో దారిలో రెండేసి స్టిక్కులు కూర్చుంటే సిగ్నల్ మీద భారం పెరుగుతుంది, అదే వేగంతో నడవడం కష్టమవుతుంది. ఇది నా ఊహ కాదు. ఈ తరం రైజెన్‌లకు ఏఎండీ రాసుకున్న లెక్కే ఇది: రెండు స్టిక్కులైతే 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ (చిప్పులు ఒకే జట్టుగా ఉన్నవి) అయితే 2933, నాలుగు డ్యూయల్ ర్యాంక్ (రెండు జట్లుగా ఉన్నవి) అయితే 2667. అంతకు మించి నడిస్తే నీ అదృష్టం, నడవకపోతే అడిగే హక్కు లేదు.

ఎక్స్‌ఎంపీ అన్నది నిజానికి ఓవర్‌క్లాక్, అంటే మామూలు హద్దు దాటించి నడపడం. మామూలు డీడీఆర్4 కు 1.2 వోల్టులు, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే చాలా స్టిక్కులకు 1.35. పెట్టె మీద రాసిన వేగం ఆ పెట్టెలో ఉన్న రెండింటికీ కలిపి ఇచ్చిన మాట. పక్కన పరాయి కంపెనీ స్టిక్కులు కూర్చున్నా అలాగే నడుస్తామని ఎవరూ మాటివ్వలేదు. అక్కడ జరిగేది నిమిషానికో తప్పు కాదు, రోజుకు ఒకటో రెండో. ఆ ఒక్కటి ఫోటోలో పడితే ఒక చుక్క రంగు మారుతుంది, నువ్వు గమనించవు. విండోస్ నడుమ భాగంలో పడితే సిస్టమ్ నిలువునా ఆగుతుంది. రాండమ్‌గా వస్తోంది, ఒక పద్ధతి లేదు అని వాపోయావు కదా, దాని వెనక ఉన్నది ఇదే అని నా అనుమానం.

కాబట్టి మొదటి పని పైసా ఖర్చు లేనిది. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆపెయ్. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు, ఏ-ఎక్స్‌ఎంపీ అని కూడా ఉంటుంది. అన్ని సెట్టింగులనూ డిఫాల్ట్‌కు తిప్పేస్తే ఇంకా మంచిది. ఎందుకంటే ఎవరో వీడియో చూసి కర్వ్ ఆప్టిమైజర్‌లో (ప్రాసెసర్ వోల్టేజి తగ్గించే సెట్టింగులో) మైనస్ 30 పెట్టి మర్చిపోయిన కుర్రాళ్లను నేను చాలామందిని చూశాను. అది అతిగా తగ్గిస్తే బరువున్నప్పుడు నిక్షేపంగా నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంది. నువ్వు పెట్టి ఉంటే సిగ్గుపడకుండా చెప్పు.

అలా నాలుగు స్టిక్కులూ 2133 లోనో 2400 లోనో నడుస్తాయి. మూడు నాలుగు రోజులు నీ మామూలు పనులన్నీ చెయ్యి. రోజుకు రెండుసార్లు వచ్చేది ఒక సాయంత్రం రాలేదని సంబరపడకు. నాలుగు రోజులూ ప్రశాంతంగా గడిస్తే సగం కథ తేలిపోయినట్టే. తర్వాత చేత్తో 2666 పెట్టి, వోల్టేజి 1.35 ఇచ్చి ఇంకో నాలుగు రోజులు, ఆ పైన 2933. ఎక్కడ తడబడితే దానికి ఒక మెట్టు కింద ఆగిపో. గేమ్‌లో కొన్ని ఫ్రేములు తగ్గుతాయి. తగ్గనీ. లేదా కొత్త జతను అమ్మేసి 16 జీబీలవి రెండు ఒకే పెట్టెలో కొనుక్కో. మొదటి రోజే నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ని అదే.

ఎక్స్‌ఎంపీ ఆపినా హ్యాంగ్ వస్తే కొత్త జత తీసి పాత జతతోనే నడుపు. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. ఎక్కువ బోర్డుల్లో అదే సరైన చోటు. తర్వాత పాతవి తీసి కొత్తవి. రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో వేసి దాని నుంచి బూట్ చేసి వదిలెయ్, తెల్లారి చూడు. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఫెయిలే. "వెయ్యి కోట్ల పరీక్షల్లో ఒక్కటే కదా అన్నా" అని ఒకాయన నాతో బేరమాడాడు. బ్యాంకువాడు నీ ఖాతాలో రోజుకు ఒక్క అంకే తప్పు రాస్తే ఊరుకుంటావా అన్నాను. అయితే ఆ పరీక్ష పాసైనంత మాత్రాన ర్యామ్‌కు పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వకు. ఆ టైములో గ్రాఫిక్స్ కార్డు నిద్రపోతూ ఉంటుంది, అసలు పనిలో ఉండే వేడీ ఒత్తిడీ ఉండవు.

స్టిక్కులు తీసినప్పుడు బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, క్లిప్పు టక్‌మనేదాకా నొక్కి పెట్టు. రిచీ స్ట్రీట్‌లో ఉన్నప్పుడు మాకు సగం అన్నం పెట్టింది ఆ రబ్బరే. సముద్రపు గాలికి కాంటాక్టులు మసకబారి, బీసెంట్ నగర్ నుంచి వచ్చే సిస్టమ్‌లు రుద్దగానే లేచి కూర్చునేవి. బెంగళూరులో ఆ బాధ తక్కువ, ఇక్కడ దుమ్ము ఎక్కువ.

ఇక రెండో రకం, టీకి వెళ్లినప్పుడు వచ్చేది. ప్రాసెసర్ పని లేనప్పుడు దాదాపు కరెంటే తీసుకోకుండా గాఢ నిద్రలోకి జారుతుంది. అంత తక్కువ లాగితే కొన్ని పాత ఎస్ఎంపీఎస్‌లకు నిలకడ తప్పుతుంది. ఇది కొత్త గొడవేం కాదు, 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు కూడా ఇదే రగడ. రైజెన్ బోర్డుల బయోస్‌లో దీనికోసమే ఒక మీట పెట్టారు. అడ్వాన్స్‌డ్‌లో ఏఎండీ సీబీఎస్, దాని లోపల సీపీయూ కామన్ ఆప్షన్స్, అందులో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్". ఆటోలో ఉన్నదాన్ని "టిపికల్ కరెంట్ ఐడిల్" చెయ్యి. కరెంటు బిల్లులో తేడా తెలియదు. ఐదేళ్ల ఎస్ఎంపీఎస్ మీద కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టిన నీలాంటివాళ్లు తప్పక చూడాల్సిన సెట్టింగు ఇది. అయితే ఎక్స్‌ఎంపీ ఆపిన రోజే ఇదీ మార్చకు. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియక మళ్లీ మొదటికొస్తావు.

బయోస్ వెర్షన్ తేదీ కూడా చూడు. నీ ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చిందే 2022 ఏప్రిల్‌లో. బోర్డు ఐదేళ్ల నాటిది, బయోస్ ఎంత పాతదో నువ్వు చెప్పలేదు. ఇంకో సంగతి, విండోస్ 11 వచ్చిన కొత్తలో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపలి భద్రతా భాగం) ఆన్ ఉన్న రైజెన్ సిస్టమ్‌లు ఉన్నట్టుండి ఒకటి రెండు సెకన్లు నత్తి కొట్టేవి, సౌండుతో సహా. 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుని, ఆ మే నుంచి వచ్చిన బయోస్‌లలో సరిచేసింది. అది సెకన్లలో తేరుకునేది, నీలా శాశ్వతంగా ఆగేది కాదు. అయినా మధ్యమధ్యలో చిన్న కుదుపులు కూడా ఉన్నాయని రాశావు, వాటికి కారణం ఇదే కావచ్చు. బయోస్ మార్చే ముందు రెండు జాగ్రత్తలు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్ ఉంటే దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. ఎక్స్‌ఎంపీ ఆపి, సిస్టమ్ కాస్త నిలకడగా ఉన్నప్పుడు, బయోస్ లోపలి ఫ్లాష్ టూల్‌తో, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ నుంచి చెయ్యి. హ్యాంగ్ అవుతున్న విండోస్ లోంచి చేశావంటే, షాపతను చెప్పినట్టు బోర్డు అప్పుడు నిజంగానే పోతుంది. సాయంత్రం వాన పడుతూ కరెంటు మిణుకుమిణుకుమంటున్నప్పుడు అసలే వద్దు.

పాత హార్డ్ డిస్కు. దీని మీద నాకు వ్యక్తిగతమైన పగ ఉంది. మా బావమరిది సిస్టమ్ ఇలాగే నిమిషానికోసారి బిగుసుకుంటుంటే నేనే ర్యామ్ మార్పించాను, ఎస్ఎంపీఎస్ మార్పించాను. మూడు ఆదివారాలు వైట్‌ఫీల్డ్ వెళ్లొచ్చాను. చివరికి తేలింది ఏమిటంటే, క్యాబినెట్ తలుపు మూసినప్పుడల్లా ఒక ఎర్ర సాటా వైరు (డిస్కు డేటా వైరు) మెడ దగ్గర నలుగుతోంది. వంద రూపాయల వైరు. ర్యామ్ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను, ఇప్పటికీ పండగలకు ఆ మాట ఎత్తుతాడు. అప్పటినుంచి నియమం పెట్టుకున్నా: అప్‌గ్రేడ్ తర్వాత హ్యాంగ్ అంటే, పరీక్ష జరిగినన్నాళ్లూ పాత డిస్కు పవర్ వైరూ డేటా వైరూ రెండూ పీకి పక్కన పెట్టాలి. విండోస్ ఎన్‌వీఎంఈలో ఉంది కదా, దానికేంటి సంబంధం అనుకోకు. ఎక్స్‌ప్లోరర్ అన్ని డ్రైవుల తలుపులూ తడుతుంది, ఒకడు పలకకపోతే అక్కడే నిలబడుతుంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు) డీ డ్రైవులో పెట్టి ఉంటే మరీ ఘోరం. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాములో 05, సీ5 వరుసల ఎదురుగా సున్నా కాని అంకె ఉంటే డిస్కు పళ్లు రాలుతున్నాయి, ముందు ఫోటోలు బయటికి తియ్. సీ7 పెరుగుతూ ఉంటే డిస్కుది కాదు, వైరుది తప్పు. సీ7 అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి ఎంత ఉందని కాక, వారంలో పెరిగిందా అని చూడు. ఇక ఇరవై నిమిషాలు ముట్టుకోకపోతే విండోస్ ఆ డిస్కును నిద్రపుచ్చుతుంది. తిరిగి తిరగడానికి నాలుగైదు సెకన్లు పట్టడం జబ్బు కాదు.

ఎస్ఎంపీఎస్ లెక్క వేద్దాం. నీ ప్రాసెసర్ ఎంత లాగినా 76 వాట్ల దగ్గర కట్టేసి ఉంటుంది. కార్డు 115. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి యాభై అరవై. మొత్తం 250. అంటే 450 లెక్కకు సరిపోతుంది. కార్డు తయారీదారులు 550 అని చెప్పేది పెద్ద ప్రాసెసర్లున్నవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని. కాబట్టి 750 వాట్లది కొనమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. చూడాల్సింది వేరే. పక్కన అంటించిన కాగితంలో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయి? 30 ఆంపియర్లుంటే 360 వాట్లు, బాగుంది. 20 దగ్గర ఉంటే ఆ 450 అనే అంకె కూడికల మాయ. రెండోది, కార్డుకు 8 పిన్ వైరు నేరుగా ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చిందా, లేక షాపతను పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి కన్వర్టర్ తగిలించాడా? కన్వర్టర్ ఉంటే ఫోటో పెట్టు. అది ఉన్నన్నాళ్లూ నేను ఏ పరీక్ష ఫలితాన్నీ నమ్మను. ఎస్ఎంపీఎస్ అలిసిపోతే సాధారణంగా సిస్టమ్ ఠక్కున ఆరిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. బిగుసుకుపోవడం తక్కువ. అందుకే దాన్ని నా జాబితాలో ర్యామ్ తర్వాత పెట్టాను.

దీనికి అనుబంధంగా మన బెంగళూరు ఇళ్ల కరెంటు. టేబుల్ కింద పెట్టుకునే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లకే. మానిటర్, రౌటర్, స్పీకర్లు అన్నీ దానికే తగిలించి గేమ్ ఆడుతున్నప్పుడు కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే వెనక మీట "యూపీఎస్" వైపు ఉందో లేదో చూడు. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా ఓ పదహారు మిల్లీ సెకన్లు ఊపిరి బిగపట్టగలదు, అంతకన్నా ఆలస్యంగా మారే మోడ్‌లో పెడితే పడిపోతుంది. ఇవి ఆరిపోవడానికి కారణాలే కానీ బిగుసుకోవడానికి కావు, తెలిసి ఉండాలని రాశాను.

ఎర్త్ మాత్రం తేలిగ్గా తియ్యకు. క్యాబినెట్ ఇనుము తాకితే సన్నగా జిల్లుమంటోందా? ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదులుతుంది. ఎర్త్ లేకపోతే అది వెళ్లే దారి లేక క్యాబినెట్ మీదే నిలిచి, టెస్టర్ పెడితే వెలుగుతుంది కూడా. దానివల్ల యూఎస్‌బీలు ఊడిపోవడం, హెడ్‌ఫోన్‌లో గుయ్‌మనడం చూశాను. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దోపినా ఇదే ఫలితం. అద్దె ఇంట్లో సాకెట్ విప్పకు. ఓనరుకు చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి ఉండకూడదని అతనికి చెప్తే చాలు, అర్థమవుతుంది.

వేడి గురించి పెద్దగా చెప్పను. 5700ఎక్స్ 90 డిగ్రీల దగ్గర తనంతట తానే నెమ్మదిస్తుంది, బిగుసుకోదు. చెన్నైలో కత్తిరి ఎండల్లో నలభై డిగ్రీల గదిలో నడిచినవే నిలబడ్డాయి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాము తెరిచి గేమ్ ఆడుతూ ఒకసారి చూసుకో, ఎనభై లోపుంటే మర్చిపో. డ్రైవర్ల సంగతీ అంతే. రెండుసార్లు ఫార్మాట్ అయింది కాబట్టి పాత కార్డు అవశేషాలు ఉండవు. చిప్‌సెట్ డ్రైవర్ ఏఎండీ సైట్ నుంచి వేసుకో, విండోస్ ఇచ్చినదాంతో సరిపెట్టుకోకు.

చివరగా ఆ షాపు. బెంగళూరు కంప్యూటర్ బజారు ఎస్పీ రోడ్‌లో మంచివాళ్లున్నారు, తొందరపడేవాళ్లూ ఉన్నారు. అతణ్ని తప్పుపట్టను. రోజుకు రెండుసార్లు వచ్చే హ్యాంగ్ షాపులో అరగంట ముందు కూర్చుంటే రాదు, వచ్చేదాకా కూర్చునే తీరిక అతనికి లేదు. ఇంట్లో ఉన్న నీకే ఉంది. అక్కడికి మళ్లీ తీసుకెళ్లాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డు స్క్రూ విప్పి, తీసి, విడిగా పట్టుకెళ్లు. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ గతుకుల్లో ఆటోలో ఊగుతూ వెళ్తే కార్డు బరువుకు స్లాట్ విరిగిన కేసులు నా బల్ల మీదికే వచ్చాయి. కొత్త బోర్డు కొనే బదులు, "మీ దగ్గరున్న ర్యామ్ జత రెండు రోజులు డిపాజిట్ మీద ఇస్తారా" అని అడుగు. ఎక్కువమంది ఇస్తారు. కొత్త ర్యామ్ బిల్లు, స్టిక్కు మీది సీరియల్ నంబరు ఇప్పుడే ఫోటో తీసి ఉంచు.

ఇవన్నీ చేశాక కూడా, రెండు స్టిక్కులతో, ఎక్స్‌ఎంపీ లేకుండా, పాత డిస్కు పీకేసి, కొత్త బయోస్‌తో నాలుగు రోజుల్లో మళ్లీ ఆగి, లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ 18 కనిపిస్తే, ముందు ఎవరి దగ్గరైనా ఎస్ఎంపీఎస్ అరువు తెచ్చి చూడు. అదీ కాకపోతే పాత 2600 అమ్మలేదు కదా, దాన్ని తిరిగి వేసి నడుపు. కొత్త బయోస్ దాన్ని గుర్తుపడుతుందో లేదో బోర్డు సైట్‌లోని ప్రాసెసర్ల పట్టికలో ముందే చూసుకో. దానితో బాగా నడిచిందంటే బోర్డు నిర్దోషి, కొత్త ప్రాసెసర్ వారంటీకి వెళ్లాలి. పాతదానితోనూ ఆగితే అప్పుడు బోర్డు సంగతి మాట్లాడదాం.

ఈ రాత్రికి ఎక్స్‌ఎంపీ ఆపు, డిస్కు వైర్లు పీకు. ఒకసారికి ఒకటే అని చెప్పి రెండూ చేయమంటున్నానేంటి అనకు, డిస్కు పీకడం మార్పు కింద లెక్కకాదు, సాక్షిని గదిలోంచి బయటికి పంపడం. మళ్లీ ఆగితే క్యాప్స్ లాక్ సంగతి, కాగితం మీది గళ్లు, 12 వోల్టుల ఆంపియర్లు ఇక్కడే రాయి.